బూడిద గిన్నెలు

ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఉన్న గోడ మీద గొడుగంత తెల్లమచ్చ కనిపించేసరికి యామిని స్కూటీ ఆపేసింది.

అది పాత ఉప్పు గోదాము గోడ. యామిని పుట్టకముందు నుంచీ నల్లగానే ఉంది. అదొక్కటే కాదు, ఆ వీధి మొత్తం నలుపే. జీడిపిక్కలు కాల్చే బట్టీ పొగ నలభై ఏళ్లుగా జిడ్డులా పేరుకుపోయింది. ఎన్నికలప్పుడు ఎవరో ఒకరు సున్నం వేయిస్తారు. ఆరు నెలలు తిరక్కుండా సున్నం కూడా నల్లబడుతుంది.

ఇప్పుడు ఆ నలుపు మధ్యలో శుభ్రమైన తెలుపు. ఎవరూ కడగలేదు, ఎవరూ గోకలేదు. యామిని మచ్చని తాకి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన గంజి వాసన.

మూడేళ్లుగా తన ల్యాబ్‌లో, గాజు సీసాల్లో తను పెంచుతున్న వాసన అది. తలుపు వేసిన గదిలో ఉండాల్సిన వాసన.

బ్యాగులోంచి బాల్‌పెన్ను తీసి మచ్చ అంచు చుట్టూ గీత గీసింది. పక్కనే టైము రాసింది. సోమవారం, ఎనిమిది పది.

*

"రా రా యామినీ! పైకి చూడు!"

హేమసుందర్ ఫ్యాక్టరీ ఆవరణలో నిలబడి పొగగొట్టం వైపు చూపిస్తున్నాడు. నలభై నాలుగేళ్లుంటాయి. తండ్రి పోయిన దగ్గర్నుంచి 'సాగరిక క్యాష్యూస్'ని ఒక్కడే నడుపుతున్నాడు. పొగగొట్టం చివర ఒక కాకి కూర్చుని ఉంది.

"మా నాన్న ఈ బట్టీ వెలిగించాక దాని మీద కాకి వాలడం ఇదే మొదటిసారి. ఫొటో తీశా. గురువారం ఆడిటర్‌కి ముందు అదే చూపిస్తా."

"సార్, మన బూజు, జె-17, బయటికొచ్చేసింది."

"ఎక్కడికి?"

"ఎదురు గోడ మీదికి. మసి తినేస్తోంది."

హేమసుందర్ గేటు దాకా వెళ్లి చూసి, పెద్దగా నవ్వుతూ వచ్చాడు. "ఊరి గోడలు ఫ్రీగా కడుగుతున్నాం. మున్సిపాలిటీ వాళ్లు మనకి సన్మానం చెయ్యాలి."

"నవ్వకండి సార్. నేను రిపోర్టులో ఏం రాశాను? పిక్కలో ఉన్న జీడి నూనె అయిపోతే మూడు రోజుల్లో చచ్చిపోతుందని రాశాను. చావలేదు. గాల్లో ఎగిరెళ్లి ఇంకోచోట తిండి వెతుక్కుంది. పొగలో ఉన్నదీ జీడి నూనే కదా."

"అంటే తిండి దొరికినచోటికి పోతుంది. గోడ మీద మసి అయిపోతే అక్కడా చస్తుంది. అంతేగా?"

అంతే. అంతేనా?

హేమసుందర్ దగ్గరున్న ట్రేలోంచి ఒక పిక్క తీసి బొటనవేలితో నొక్కాడు. తడిసిన అట్టపెట్టెలా పెంకు విచ్చుకుని, లోపల పప్పు ముక్క కాకుండా బయటికి వచ్చింది. రెండు నెలల క్రితం వరకూ ఇదే పిక్కని బట్టీలో కాల్చి, కర్రతో కొట్టి పగలగొట్టాల్సి వచ్చేది. పెంకులో ఉండే నూనె ఆడవాళ్ల వేళ్లని కాల్చి నల్లగా చేసేసేది. ఫ్యాక్టరీ వెనక ఇరవై ఏళ్లుగా పోసిన పెంకుల గుట్టలో ఒకచోట తెల్లటి బూజు చూసి, దాన్ని సీసాలో పట్టి, పదిహేడోసారికి లొంగదీసింది యామిని. నీళ్లలో కలిపి పిక్కల మీద చల్లితే ఎనిమిది గంటల్లో నూనె మొత్తం తినేస్తుంది. నిప్పు లేదు, పొగ లేదు, కాలిన చేతులు లేవు.

"మిగతా ఫ్యాక్టరీల వాళ్లు మిషన్లు పెట్టి ఆడవాళ్లని ఇళ్లకి పంపేశారు. నేను పంపలేదు. పంపను కూడా." హేమసుందర్ గొంతులో నవ్వు పోయింది. "హాలండ్ వాళ్లకి పొగ లేని ఫ్యాక్టరీ కావాలి, దెబ్బతినని చేతులు కావాలి. గురువారం వాళ్ల ఆడిటర్ వచ్చి సర్టిఫికెట్ ఇస్తే ఏడాది ఆర్డరు మనదే. రాకపోతే నేనూ మిషన్లే కొనాలి. యాభై మంది, యామినీ. అందులో మీ అమ్మ ఒకరు."

ఆఫీసు గోడ మీద ఆడిటర్ కోసం కట్టించిన ఫొటో ఉంది. కొత్తగా చేరిన పన్నెండు మంది అమ్మాయిలు చేతులు పైకెత్తి నవ్వుతున్నారు. జె-17ని మనుషుల చేతుల మీద పరీక్షించింది వాళ్లతోనే. నలభై రోజులు. ఒక్కరికి చిన్న దురద కూడా రాలేదు. పాతవాళ్లని కూడా తీసుకుందామని యామిని అంటే హేమసుందరే అడ్డుపడ్డాడు. ముప్పై ఏళ్లు మనకి చాకిరీ చేసినవాళ్ల మీద ప్రయోగాలు చేస్తామా, సిగ్గుండాలి అన్నాడు. ఆ మాటకి ఆరోజు యామినికి అతని మీద గౌరవం పెరిగింది.

*

హాల్లో కొత్త స్టీలు బల్లలు మెరుస్తున్నాయి. పాతరోజుల్లో ప్రతి మనిషి ముందూ ఒక బూడిద గిన్నె ఉండేది. నూనె అంటకుండా వేళ్లకి బూడిద రాసుకోనిదే ఎవరూ పిక్క ముట్టుకునేవారు కాదు. పప్పు దగ్గర వేరే పదార్థం ఏదీ ఉండకూడదని ఆడిటర్ పంపిన జాబితాలో ఉంది. పదిహేను రోజుల క్రితం గిన్నెలన్నీ తీయించేశారు. ఆ కాగితం మీద యామిని సంతకం కూడా ఉంది.

"ఓలమ్మీ యామినీ, ఇటు రాయే. నా ఏలు సూడు!"

గున్నమ్మ పిలిచింది. యామిని తల్లి తవిటమ్మ పక్కన ఇరవై ఎనిమిదేళ్లుగా కూర్చుంటున్న మనిషి. ఆమె బొటనవేలు చూసి యామిని ఆశ్చర్యపోయింది. బొగ్గులా ఉండే వేలు గోధుమరంగుకి వచ్చింది. దాని మీద సన్నటి గీతలు.

"పదకొండేళ్లయినాదే ఆ రేసను మిసను నన్ను మనిసిగ ఒప్పుకుని. పెతి నెలా ఆ డీలరు 'నీకు ఏలిముద్రల్నేవు, మీ ఆయన్ని తీసుకురా' అనీవోడు. నిన్న ఏలెట్టీసరికి టింగుమన్నాది. ఆడి మొగం సూడాల!"

"జాగర్తే గున్నమ్మా, ఇంక దొంగతనం సేత్తే దొరికిపోతావు," అంది ఎదురు బల్ల మీద ఎవరో. హాలంతా నవ్వులు.

"మరి తవిటప్ప సేతులేటి అలగే ఉన్నాయి? కూతురి మందు తల్లి మీద పని సెయ్యదేటి?"

తవిటమ్మ తన నల్లటి చేతులు తిప్పి చూసుకుంది. "సొంత కూతురి మందు గదా, నాకాడ మొగమాటపడతన్నాది." నవ్వబోయి దగ్గింది. పదేళ్లు బట్టీ దగ్గర నిలబడి, పొగ పీల్చి తెచ్చుకున్న దగ్గు అది. మొదలైతే ఓ పట్టాన వదలదు.

యామిని చూపు తల్లి చీర కొంగు మీద పడింది. కొంగు చివర చిన్న ముడి ఉంది. తవిటమ్మ గబుక్కున దాన్ని బొడ్లో దోపుకుంది. మళ్లీ చుట్ట ముక్క దాచుకుందనుకుంది యామిని. ఇంటికెళ్లాక అడగొచ్చులే అనుకుంది.

సాయంత్రం గోడ దగ్గర ఆగింది. మచ్చ పొద్దున్న గీసిన గీతని దాటి జానెడు బయటికి వచ్చింది.

*

బుధవారం టీ టైములో గున్నమ్మ చేతిలోంచి గ్లాసు జారి పడింది.

"ఏటే, కాలినాదేటి?" అంది తవిటమ్మ.

"నేదప్పా. కాలనేదు." గున్నమ్మ తన చేతిని వింతగా చూసుకుంటోంది. "ఏడిగ ఉన్నాదో సల్లగ ఉన్నాదో కూడా తెలీనేదు."

యామిని పరుగున వచ్చి ఆ చేయి పట్టుకుంది. వేళ్లు పాలిపోయాయి. రోజంతా నీళ్లలో నానినట్టున్నాయి. చర్మం ఉల్లిపొరలా పల్చబడి కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. సూదితో బొటనవేలి కొన మీద గుచ్చింది. గున్నమ్మ కళ్లు ఆర్పలేదు. ఇంకొంచెం లోపలికి గుచ్చింది.

"ఎప్పుడు గుచ్చుతావే?" అని అడిగింది గున్నమ్మ.

యామిని సూది బయటికి తీసేసింది.

ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద ఆ చర్మపు పొర పెట్టింది. తెల్లటి దారాలు. పైన కాదు, లోపల. వేళ్లలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంకిన జీడి నూనెని వెతుక్కుంటూ పొర తర్వాత పొర దిగి, నరాల దాకా వెళ్లాయి. కొత్త అమ్మాయిల చేతుల్లో తిండి లేదు. అందుకే వాళ్లకేమీ కాలేదు. తిండి ఎవరి దగ్గర ఉందో వాళ్లని దయతలచి పరీక్షకి తీసుకోలేదు. జీడి నూనె ఉన్నచోటికి పోతుందని సోమవారం తన నోటితో తనే చెప్పింది. ఆ చేతులతో అన్నం తిని పెరిగిన మనిషికి ఆ చేతులు మాత్రం గుర్తురాలేదు.

గున్నమ్మని ఆస్పత్రికి పంపి, మిగతా పాతవాళ్లని వరసగా పిలిచింది. గున్నమ్మతో కలిపి మొత్తం ముప్పై ఎనిమిది మంది. ముప్పై ఏడు మంది చేతులు తెల్లబడుతున్నాయి. కొందరికి వేలి కొనలే, కొందరికి అరచేయి సగం దాకా.

చివరిగా తవిటమ్మ వచ్చింది. ఆమె చేతులు నల్లగా, గట్టిగా, ఎప్పట్లాగే ఉన్నాయి. సూది ఆనించగానే చెయ్యి లాక్కుంది.

"అబ్బా! తల్లినని కూడా నేదేటే నీకు?"

"అమ్మా, నువ్వేం చేస్తున్నావు? నీకొక్కదానికే ఎందుకు కాలేదు?"

"నానేటి సేసినాను?"

"ఆ కొంగులో ఏముంది?"

తవిటమ్మ తప్పు దొరికిపోయిన దానిలా తల దించుకుంది. "తిట్టకే. మీరు గిన్నెలు తీసీసినారు. బూడిద నేకండా పిక్క ముట్టుకుంటే నాకు బట్ట కట్టుకోనట్టుంటాది. ఎవులూ సూడకండా కూసింత రాసుకుంతన్నాను. ఫ్యాక్టరీ బాబుకి సెప్పీకు."

యామిని ఆ ముడి విప్పింది. గుప్పెడు బూడిద. చిటికెడు తీసి, నీళ్లలో కలిపి, గాజు పలక మీద కదులుతున్న తెల్లటి దారాల మీద ఒక చుక్క వేసింది. మైక్రోస్కోపులో చూస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాల్లో దారాలు ముడుచుకుపోయి ముక్కలయ్యాయి. బూడిదలోని ఘాటు దానికి విషం. తలెత్తి చూసేసరికి రాత్రయింది, పాతవాళ్లంతా ఇళ్లకి వెళ్లిపోయారు.

*

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నర. ఆడిటర్ పదకొండింటికి వస్తుంది.

"రెండు గంటలు. నాకు రెండే రెండు గంటలు ఇవ్వు." హేమసుందర్ ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. "పాతవాళ్లకి ఈరోజు జీతంతో సెలవు ఇచ్చేశా. గున్నమ్మ కోసం విశాఖపట్నం నుంచి పెద్ద డాక్టర్ని రప్పించే ఏర్పాటు చేశా, ఎంతైనా నేనే పెట్టుకుంటా. ఆడిటర్ హాల్లో కొత్త పిల్లల్ని చూస్తుంది, సంతకం పెడుతుంది, వెళ్తుంది. ఆ తర్వాత నువ్వు లారీడు బూడిద తెచ్చుకో."

"గున్నమ్మ పిన్నికి నిన్న పొద్దున్న రెండు వేళ్లు. రాత్రికి మూడు. గంట గంటకీ లోపలికి దిగుతోంది సార్. నరం పోతే మళ్లీ రాదు."

"ఆర్డరు పోతే అదీ మళ్లీ రాదు!" అని అరిచాడు. టేబుల్ మీద టీ ఉంది. ఎడమచేత్తో తీసుకుని, తాగకుండానే పెట్టేశాడు. "నేనేం రాక్షసుణ్ణా? పొగ ఆపాలనుకున్నా. వీళ్ల చేతులు బాగుండాలనుకున్నా. తప్పా?"

"తప్పు కాదు. కానీ పొగ ఆపితే గోడలకి పట్టిన మసి పోదు కదా సార్. వీళ్లకి పట్టిందీ అంతే. అది మనం లెక్కలోకి తీసుకోలేదు."

అతను గడియారం వైపు చూశాడు.

యామిని బయటికి వచ్చేసింది. ఆవరణలో చల్లారిపోయిన బట్టీ తలుపు తెరిచింది. లోపల చివరిసారి కాల్చిన పెంకుల బూడిద మోకాలెత్తు ఉంది. పార తీసుకుని బేసిన్లలోకి ఎత్తడం మొదలుపెట్టింది. గేటు దగ్గర పాతవాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నారు. సెలవిచ్చినా ఇళ్లకి వెళ్లలేదు.

"అమ్మా! అందరినీ రమ్మను. మోచేతుల దాకా రాసుకోండి. కడుక్కోవద్దు."

"బేగి రండే!" తవిటమ్మ గొంతు బట్టీ దగ్గర పనిచేసిన రోజుల్లోలా మోగింది. "కొత్త పెళ్లికూతుళ్లలాగ సూత్తారేటి? రాసుకోండి!"

*

ఆడిటర్ చెన్నై నుంచి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు, చేతిలో నీలం ఫైలు. కాకి ఫొటో చూసి నవ్వింది. బట్టీ వైపు వెళ్లకుండా హేమసుందర్ ఆమెని నేరుగా హాల్లోకి తీసుకొచ్చాడు. పన్నెండు మంది అమ్మాయిలు తలమీద టోపీలతో పిక్కలు ఒలుస్తున్నారు. ఆమె ఒక్కొక్కరి చేతులూ చూసింది. ఫైల్లో టిక్కులు పడుతున్నాయి. మిగతా బల్లలు ఖాళీ ఎందుకని అడిగింది. ఈరోజు వారి వారపు సెలవన్నాడు. ఇంకో టిక్కు.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

ముందు తవిటమ్మ. నెత్తి మీద అల్యూమినియం బేసిను. ఆ వెనక మిగతావాళ్లు, మోచేతుల దాకా బూడిద పూసుకుని. చివర పార చేత్తో పట్టుకుని యామిని.

తవిటమ్మ బేసిను దించి, మెరిసే బల్ల మీద తన చోట పాత బూడిద గిన్నె పెట్టింది. నింపింది. తర్వాత పక్కచోట గున్నమ్మ గిన్నె పెట్టింది. దాన్నీ నింపింది. ఆ చోట మనిషి లేదు.

"మిస్టర్ హేమసుందర్, ఏమిటిది?" అంది ఆడిటర్. "జాబితాలో స్పష్టంగా రాశాం కదా?"

హేమసుందర్ ముఖం ఎర్రబడింది. యామిని వైపు చూశాడు. ఇప్పుడు గెంటిస్తాడు అనుకుందామె. పార పిడి గట్టిగా పట్టుకుంది.

అతను తవిటమ్మ దగ్గరికి నడిచాడు.

పదహారేళ్ల వయసులో తండ్రి అతన్ని ఇదే హాల్లో, ఇదే మనిషి పక్కన కూర్చోబెట్టాడు. నా కొడుకైనా పిక్క కొట్టందే ఫ్యాక్టరీ ఇవ్వనన్నాడు. రెండేళ్లు కొట్టాడు. ఆ సంగతి కొత్తవాళ్లకి తెలీదు. అప్పట్లో తవిటమ్మని 'అప్ప' అని, అక్కని పిలిచినట్టు పిలిచేవాడు; యజమాని అయ్యాక పేరు పెట్టే పిలుస్తున్నాడు.

కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. చూపుడువేలూ బొటనవేలూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అప్పా," అన్నాడు, "కొంచెం బూడిద ఇయ్యి."

తవిటమ్మ అతని చేతిని చూసింది. తన ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో బూడిద తీసి, మణికట్టు దాకా రుద్దింది.

"ఎన్నాళ్లయినాది బాబూ?"

"మంగళవారం నుంచి."

"సెప్పొద్దా?"

"సెప్తే ఈరోజు ఉండదు గదా అప్పా."

పాతికేళ్ల తర్వాత అతని నోట ఆ యాస వినిపించింది. ఆడిటర్ వైపు తిరిగాడు. "రాసుకోండి మేడమ్. బల్లల మీద బూడిద ఉంది. ఎందుకుందో కూడా రాసుకోండి. ఆ సెలవు మాట అబద్ధం. ముప్పై ఏడు మంది చేతులు. నాతో కలిపి ముప్పై ఎనిమిది."

ఆమె ఆ చేతుల వైపు చూసింది. తర్వాత ఒక్కొక్క టిక్కునీ అడ్డంగా కొట్టేస్తూ వచ్చింది. చివర సంతకం చోట ఫైలు ముందుకు జరిపింది. హేమసుందర్ పెన్ను తీసుకున్నాడు. అది వేళ్ల మధ్య నిలబడక జారి బూడిద గిన్నెలో పడింది. ఎడమచేత్తో సంతకం పెట్టాడు.

*

శనివారానికి ముప్పై ఆరు మంది చేతుల్లో తెలుపు ఆగిపోయింది. హేమసుందర్‌కి పాలిపోయిన రెండు వేళ్లలో ఒకటి మిగిలింది. జె-17 ట్యాంకుల్లో యామిని తన చేత్తోనే బూడిద నీళ్లు పోసి, గోడ మీద మచ్చ చుట్టూ అదే నీళ్లతో జానెడు వెడల్పున పట్టీ వేసింది. తెలుపు ఆ పట్టీ దాకా వచ్చి నిలిచిపోయింది. వచ్చే వారం నుంచి ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. మిషన్లు కొనను అని మాత్రం హేమసుందర్ హాల్లో అందరి ముందూ చెప్పాడు.

సాయంత్రం యామిని తల్లిని స్కూటీ వెనక ఎక్కించుకుని ఆస్పత్రికి వెళ్లింది. గున్నమ్మ మంచం మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. నాలుగు వేళ్లు పోయాయి. ఉన్నాయి గానీ లేవు.

"మిసను నన్ను గుర్తుపట్టినాదే అమ్మీ," అంది. "ఈ ఏళ్లే గుర్తుపట్టనేదు."

యామిని ఆ చేతిని పట్టుకుంది. తను పట్టుకున్నట్టు గున్నమ్మకి తెలీలేదు.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. ఆస్పత్రి గోడ నల్లగానే ఉంది. మార్కెట్ గోడ నల్లగానే ఉంది. యామిని ప్రతి గోడనీ చూస్తూ నడుపుతోంది. రైల్వే గేటు దాటాక వెనకనుంచి తవిటమ్మ చెవి దగ్గరికి వంగింది. ఎదురుగాలి, దుమ్ము. కూతురి మనసు కాస్త తేలిక చేద్దామన్నట్టు అంది:

"ఓలే, ఈ గొడవలో సెప్పడం మర్సిపోనాను. నీ మందు అంత సెడ్డదేటి కాదు. నా దగ్గు పోనాదే! మంగళోరం నుంచి ఒక్కసారి కూడా రానేదు. గుండెలో బరువంతా తీసీసినట్టు, ఊపిరి సల్లగ ఎల్తన్నాది."

చేతులకైతే బూడిద ఉంది. పొగ పట్టిన ఊపిరితిత్తులకి?

యామిని స్కూటీ ఆపేసింది.